క్లోన్ కథలో జవాబు పత్రం ముందే చేతికొస్తుంది

ప్రశ్న రెండు ముక్కలుగా ఉంది. మనిషిని క్లోన్ చేయడం మీద వచ్చిన నవలలు, నాటకాలు, సినిమాలు "పుట్టుకా, పెంపకమా" అన్న పాత తగాదాలో ఏ పక్షం వహిస్తాయి? అలాంటి కథ రాయాలనుకునేవారు సైన్సు ఎంత తెలుసుకోవాలి, ఎక్కడ తప్పులో కాలేస్తారు?

మొదటి ముక్కకి జవాబు చిన్నదే. నాసిరకం కథలు పుట్టుక పక్షం. కాస్త మెరుగైనవి పెంపకం పక్షం. నిజంగా మంచివి మూడో సంగతిని పట్టుకుంటాయి: క్లోన్ పుట్టేనాటికే అవే జన్యువులతో ఒక మనిషి ఒక జీవితం బతికి చూపించేశాడు. అది ఎలా సాగిందో పెంచేవాళ్లకి తెలుసు. పిల్లవాడు బొమ్మ విసిరికొడితే మామూలు ఇంట్లో అది అల్లరి. క్లోన్ ఇంట్లో "అచ్చం ఆయనే". అసలు మనిషి గురించి చుట్టూ ఉన్నవాళ్లకి తెలిసినదంతా ఈ బిడ్డకి పెంపకమై కూర్చుంటుంది. పుట్టుకనీ పెంపకాన్నీ విడదీద్దామని మొదలుపెట్టిన ప్రయోగం ఆ రెంటినీ ఇంకా గట్టిగా ముడివేస్తుంది. క్లోన్ కథలో సరుకంతా ఆ ముడిలోనే ఉంది.

తగాదా మాత్రం క్లోనింగ్ కంటే చాలా పాతది. మన సామెతలే రెండు జట్లుగా విడిపోయాయి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" ఒక జట్టు. "మొక్కై వంగనిది మానై వంగునా", "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" రెండో జట్టు. కర్ణుడి కథ రెండు జట్లకీ పనికొస్తుంది. తొడని పురుగు తొలుస్తున్నా కదలకుండా కూర్చున్నందుకు, వీడు బ్రాహ్మణుడు కాడని పరశురాముడు పసిగట్టాడు. అది పుట్టుక మాట. కుంతి వచ్చి నిజం చెప్పాక కూడా రాధనీ దుర్యోధనుణ్ణీ వదలనన్నాడు. ఇది పెంపకం మాట. ఒకే పాత్రలో రెండూ ఉండటం వల్లే ఆ పాత్ర ఇన్నాళ్లు నిలిచింది. శాస్త్రంలో ఈ రెండు మాటల జంటకి పేరు తెచ్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్, 1874లో. ఆ మరుసటి ఏడే, కవల పిల్లల్ని పోల్చి చూస్తే ఈ రెంటి పాళ్లూ తేల్చవచ్చని రాశాడు.

క్లోనింగ్ రాకముందు కథకులకి రెండే పనిముట్లు ఉండేవి. ఒకటి, ఉయ్యాలలో బిడ్డల్ని తారుమారు చేయడం. 1894లో మార్క్ ట్వేన్ 'పుడ్న్‌హెడ్ విల్సన్' నవలలో బానిస బిడ్డనీ యజమాని బిడ్డనీ మార్చి, చివరికి వేలిముద్రలతో గుట్టు విప్పాడు. తారుమారులో పెంపకం మారుతుంది సరే, కానీ పక్కన పెట్టి పోల్చడానికి అవే జన్యువులున్న రెండో మనిషి ఉండడు. రెండో పనిముట్టు ఏకరూప కవలలు. ఇందులో జన్యువులు ఒకటే, కానీ వయసూ ఒకటే, కాలమూ ఒకటే. ఎవరి జీవితం ఎలా ముగుస్తుందో ఎవరికీ తెలియదు. క్లోన్ అంటే ఒక తరం ఆలస్యంగా పుట్టిన కవల. జన్యువులు అలాగే ఉంటాయి, కాలం జరుగుతుంది, ముగింపు ముందే తెలుస్తుంది. కథకుడికి కొత్తగా దొరికింది ఈ ఎడమే తప్ప పోలిక కాదు. అద్దంలో చూసుకున్నట్టున్న రెండు ముఖాలు ద్విపాత్రాభినయం సినిమాల్లో ఎప్పటినుంచో ఉన్నవే.

'క్లోన్' అన్న మాట ఎక్కడిదో చూస్తే కూడా విషయం కొంత తేటపడుతుంది. 1903లో హెర్బర్ట్ వెబ్బర్ అనే వృక్షశాస్త్రవేత్త, విత్తనంతో కాకుండా కొమ్మతోనో దుంపతోనో పెంచిన మొక్కల కోసం ఈ పదం తెచ్చాడు. గ్రీకులో దానికి అర్థం రెమ్మ. మనకి ఆ పని "అంటు" అన్న పేరుతో బాగా తెలుసు. ఒకే మామిడి చెట్టు నుంచి కట్టిన అంట్లన్నీ క్లోన్లే. అన్నీ ఒకే రకం కాయ కాస్తాయి, అయినా నేల మారితే కాపు మారుతుంది, నీరు మారితే తీపి మారుతుంది. ఏ తోటమాలినైనా "జన్యువా, నేలా" అని అడిగి చూడండి, ప్రశ్నే తప్పంటాడు.

ఇక సైన్సు. క్లోన్ కథలు కుప్పకూలేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉందాం.

స్కాట్లండ్‌లోని రోజ్లిన్ సంస్థలో ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ బృందం డాలీ అన్న క్లోన్ గొర్రెని పుట్టించిన పద్ధతి ఇది. ఆరేళ్ల గొర్రె పొదుగు కణాల్ని గాజు పాత్రలో పెంచారు. ఆహారంగా ఇచ్చే సీరంని 10 శాతం నుంచి అర శాతానికి తగ్గించి అయిదు రోజులు మాడ్చారు. అలా మాడిస్తే కణం విభజన ఆపి నిద్రలాంటి స్థితిలోకి పోతుంది, జన్యువులుండే దాని కేంద్రకం అండంతో తాళం కలపడం తేలికవుతుంది. తర్వాత వేరే గొర్రె అండం తీసుకుని సన్నటి సూదితో దాని కేంద్రకాన్ని లాగేశారు. ఖాళీ అండం పక్కన పొదుగు కణాన్ని ఆనించి విద్యుత్ ప్రవాహం ఇచ్చారు. రెండూ కలిసిపోయాయి, అండం విభజన మొదలుపెట్టింది. దాన్ని కొన్నాళ్లు పెంచి మూడో గొర్రె గర్భంలో పెట్టారు. మొత్తం 277 అండాలు కలిపితే అందులో 29 పిండాలయ్యాయి. వాటిని 13 గొర్రెల్లో పెడితే 1996 జూలై 5న పుట్టింది ఒక్కటి. లోకానికి తెలిసింది 1997 ఫిబ్రవరిలో.

ఎందుకింత నష్టం? పొదుగు కణానికి తాను పొదుగు కణాన్నన్న జ్ఞాపకం ఉంటుంది. డీఎన్‌ఏ మీద రసాయన గుర్తులు కొన్ని జన్యువుల్ని మూసి, కొన్నింటిని తెరిచి ఉంచుతాయి. అండం ఆ గుర్తుల్ని కొద్ది గంటల్లో చెరిపి మళ్లీ మొదటి నుంచి రాయాలి. ఎక్కువసార్లు సగమే చెరుగుతుంది. అప్పుడు మాయ సరిగా ఏర్పడదు, పిండం పోతుంది, లేదా మరీ పెద్దగా పెరిగి పుట్టాక చనిపోతుంది. కోతుల్లో ఈ అడ్డంకి ఇంకా గట్టిది. 2018 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు ఝాంగ్ ఝాంగ్, హువా హువా అన్న రెండు కోతి పిల్లల గురించి ప్రకటించినప్పుడు, ఆ గుర్తుల్ని చెరపడానికి అదనపు మందులు వాడాల్సి వచ్చింది. గర్భస్థ పిండం నుంచి తీసిన కణాలతో చేసిన 79 పిండాల్ని 21 ఆడకోతుల్లో పెడితే మిగిలినవి ఆ రెండే. మనిషి విషయంలో 2013లో మూల కణాలు తీసే దశ వరకు పిండాన్ని పెంచగలిగారు, అదీ గాజు పాత్రలోనే. మనిషి క్లోన్ పుట్టాడన్న ప్రకటన దేనికీ ఇంతవరకు రుజువు లేదు.

ఈ అంకెలు కథకి ఎందుకు? ఒక చిన్న లెక్క వేయండి. వైద్యులు మందులిచ్చి అండాలు తీసినప్పుడు ఒక స్త్రీ నుంచి ఒక విడతకి దాదాపు పది, పదిహేను వస్తాయి. డాలీ పాళ్లే మనిషికీ పట్టుకుంటే ఒక్క క్లోన్‌కి 19 నుంచి 28 మంది దాకా అండదాతలు, పది మందికి పైగా గర్భం మోసేవాళ్లు కావాలి. వాళ్లలో చాలామందికి గర్భం నిలవదు. నవలలో పాతిక మంది క్లోన్లు ఉన్నారంటే వాళ్ల వెనక కొన్ని వందల మంది ఆడవాళ్లు ఉండి తీరాలి. దాదాపు ఏ రచయితా వాళ్ల గురించి ఒక్క పేజీ కేటాయించడు. ప్రయోగశాల తలుపు తెరుచుకుంటుంది, పిల్లవాడు నడిచొస్తాడు, అంతే. మీరు కొత్తగా రాయాలనుకుంటే ఎవరూ దున్నని నేల ఇదే.

ఇదే చోట ఇంకో మూడు పొరపాట్లు. క్లోన్ పెద్దవాడిగా పుట్టడు. నలభై ఏళ్ల మనిషి క్లోన్‌కి నలభై ఏళ్లు రావాలంటే నలభై ఏళ్లు పడుతుంది. జ్ఞాపకాలు రావు. అవి మెదడులో కణాల మధ్య కుదిరిన లంకెల్లో ఉంటాయి తప్ప చర్మపు కణం కేంద్రకంలో కాదు. ఇక డాలీ తొందరగా ముసలిదై చచ్చిపోయిందన్నది. 2003 ఫిబ్రవరి 14న దానికి మత్తిచ్చి ప్రాణం తీసింది ఊపిరితిత్తుల్లో కణితుల వల్ల. ఆ కణితులు గొర్రెల్లో ఒక వైరస్ తెచ్చేవి. డాలీ వచ్చిన కణాల నుంచే తర్వాత పుట్టించిన నాలుగు గొర్రెలు ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో ఆరోగ్యంగానే ఉన్నాయని 2016లో తేల్చారు. "క్లోన్లకి ఆయుష్షు తక్కువ" అన్నది కథలో పెట్టాలంటే పెట్టుకోండి, కానీ దానికి కారణం మీ కథే సృష్టించాలి. డాలీ మీదకి నెట్టకండి.

అన్నీ ఒకటైనా ఎందుకు తేడా వస్తుందన్నదానికి చక్కటి ఉదాహరణ పిల్లి. 2001 డిసెంబర్ 22న టెక్సాస్‌లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లి పేరు సీసీ. తల్లికణం ఇచ్చిన రెయిన్‌బో మూడు రంగుల పిల్లి, నారింజ మచ్చలతో. సీసీకి నారింజే లేదు. పిల్లుల్లో నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడుతుంది. వాళ్లు తీసుకున్న కణంలో నారింజ ఉన్న ఎక్స్ మూతపడి ఉంది, అది మళ్లీ తెరుచుకోలేదు. మచ్చల ఆకారమైతే గర్భంలో రంగు కణాలు ఎటు పాకాయన్న దాని మీద ఆధారపడుతుంది. జన్యువులు అన్నీ ఉన్నాయి, రంగు మాత్రం లేదు.

అంటే పుట్టుక, పెంపకం కాక మూడో వాటాదారు ఉన్నాడు, యాదృచ్ఛికత. 2013లో జర్మనీలో ఒకే జన్యువులున్న 40 ఎలుకల్ని ఒకే పెద్ద ఆవరణలో మూడు నెలలు ఉంచారు. తిండి, చోటు, వాతావరణం అన్నీ ఒకటే. అయినా కొన్ని మూలమూలా తిరిగేవిగా, కొన్ని కదలనివిగా తయారయ్యాయి, మెదళ్లలో కొత్త కణాలు పుట్టే తీరులోనూ తేడా వచ్చింది. మొదట్లోని చిన్న తేడా రోజురోజుకీ తన దారి తానే వెడల్పు చేసుకుంది. గర్భంలో కదలికలూ ఒత్తిళ్లూ వేరు కాబట్టే ఏకరూప కవలల వేలిముద్రలు కూడా కలవవు. కథల్లో ఈ మూడో వాటాదారు దాదాపు కనిపించడు. కారణం తెలిసిందే: కారణం లేని తేడా పాఠకుడికి రచయిత పొరపాటులా కనిపిస్తుంది. దాన్ని నమ్మించగలిగినవాడు నా లెక్కలో పెద్ద కథకుడు.

వారసత్వ శాతాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే కథల్లో శాస్త్రవేత్త పాత్రలు వీటిని తరచూ తప్పుగా వల్లిస్తాయి. 2015లో, యాభై ఏళ్ల కవలల అధ్యయనాలన్నీ కలిపి, కోటీ 40 లక్షలకి పైగా కవల జతల సమాచారంతో లెక్క వేస్తే, మనిషి లక్షణాల్లో తేడాలకి జన్యువుల వాటా సగటున 49 శాతం అని వచ్చింది. దాని అర్థం మీ కోపంలో సగం మీ తాత ఇచ్చాడని కాదు. ఒక జనాభాలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యు తేడాలతో ముడిపడిందన్నదే ఆ అంకె. ఒక్క మనిషికి అది వర్తించదు. పరిసరాలు మారితే అంకే మారుతుంది. 2003లో అమెరికాలో ఏడేళ్ల కవలల మీద వచ్చిన అధ్యయనంలో, బాగా పేద కుటుంబాల్లో తెలివితేటల తేడాలకి జన్యువుల వాటా దాదాపు సున్నా, కలిగిన ఇళ్లలో చాలా ఎక్కువ. నేలలో సారం లేనప్పుడు మంచి విత్తనమూ మామూలు విత్తనమూ ఒక్కలాగే ఎండుతాయి.

ఈ మొత్తం తగాదాని ఒక్క జబ్బుతో చూపించవచ్చు. ఫినైల్‌కీటోన్యూరియా అన్నది ఒక్క జన్యువు లోపం. ఫినైల్అలనిన్ అన్న పోషకాన్ని శరీరం విరగ్గొట్టలేదు, అది పేరుకుని మెదడు పెరుగుదల ఆగుతుంది. నూటికి నూరు పాళ్లు పుట్టుక. పుట్టిన కొద్ది రోజుల్లో కనిపెట్టి ఆ పోషకం తక్కువగా ఉన్న తిండి పెడితే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. నూటికి నూరు పాళ్లు పెంపకం. మీ కథలో ఇద్దరు క్లోన్లకి ఇదొక్కటి పెట్టి, ఒకరికి ఆ తిండి అందేలా, ఒకరికి అందకుండా చేస్తే చాలు. ప్రసంగాలు అక్కర్లేదు.

ఇప్పుడు రచనల దగ్గరికి వద్దాం. అన్నీ చెప్పడం కుదరదు. ఒక్కో ప్రయోగాన్ని ఒక్కో రకంగా కట్టినవి కొన్ని చూద్దాం.

ఆల్డస్ హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' 1932 నాటిది, డీఎన్‌ఏ ఆకారం తెలియడానికి 21 ఏళ్ల ముందు. అందులో ఉన్నది ఈనాటి క్లోనింగ్ కాదు, ఒకే పిండాన్ని మొగ్గ తొడిగించి 96 మంది కవలల దాకా తీయడం. గాంధారి కుండల కథ గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. గమనించాల్సింది మరొకటి. అంతమందిని ఒకే అచ్చులో పోశాక కూడా ఆ ప్రభుత్వం జన్యువుల్ని నమ్మదు. సీసాలో ఉండగానే పిండానికి ఆక్సిజన్ తగ్గిస్తుంది. పిల్లలు నిద్రపోతుంటే పాఠాలు వినిపిస్తుంది, పుస్తకాలూ పూలూ చూస్తే భయపడేలా విద్యుత్ షాకులిస్తుంది. పుట్టుక గురించిన నవలగా అందరూ గుర్తుంచుకునే ఈ పుస్తకంలో పేజీలన్నీ పెంపకం గురించే.

ఇరా లెవిన్ 'ది బాయ్స్ ఫ్రమ్ బ్రెజిల్' (1976) పైకి చూస్తే చవకబారు భయం: హిట్లర్ క్లోన్లు 94 మంది. కానీ కథలోని దుర్మార్గుడి పథకం చూడండి. పిల్లల్ని ఊరికే వదలడు. తండ్రి ప్రభుత్వోద్యోగి, తల్లి అతనికంటే 23 ఏళ్లు చిన్నది, అలాంటి ఇళ్లే వెతికి దత్తతకి ఇప్పిస్తాడు. ఆ తండ్రులకి 65 ఏళ్లు రాగానే ఒక్కొక్కరినీ చంపించాలంటాడు. అసలు హిట్లర్ తండ్రి కస్టమ్స్ ఉద్యోగి, భార్య కంటే 23 ఏళ్లు పెద్ద, కొడుక్కి 13 ఏళ్లున్నప్పుడు 65 ఏళ్ల వయసులో పోయాడు. రక్తమే సర్వస్వమని నమ్మే సిద్ధాంతం ఉన్నవాడు, తన పని జరగడానికి 94 హత్యలతో పెంపకాన్ని నకలు తీయాల్సి వస్తోంది. తన సిద్ధాంతం అబద్ధమని తన పథకంతోనే ఒప్పుకున్నట్టు. కథ మలుపులకన్నా ఈ వ్యంగ్యం ఎక్కువ కాలం నిలుస్తుంది. పథకంలో ఉన్న కంత కూడా సరదాగా ఉంటుంది: తండ్రిని కాపీ చేశాడు గానీ కాలాన్ని కాపీ చేయలేకపోయాడు. ఓడిన యుద్ధం లేదు, ఆకలి లేదు, వినడానికి సిద్ధంగా ఉన్న జనం లేరు.

అదే ఆలోచనని పూర్తిగా, ఓపికగా నడిపింది సి. జె. చెర్రీ 'సైటీన్' (1988). ఒక గొప్ప శాస్త్రవేత్త చనిపోతుంది. ఆమె క్లోన్ బిడ్డని ఆమె బాల్యాన్నే గంట గంటకీ తిరగరాస్తూ పెంచుతారు. అసలామెకి చిన్నప్పుడు తల్లి పోయిన వయసు రాగానే, ఈ బిడ్డ అమ్మ అనుకుంటున్న మనిషిని దూరం పంపేస్తారు. దుఃఖాన్ని కూడా కొలిచి మోతాదుగా ఇవ్వడం అన్నమాట. పిల్ల పెద్దదై తన బాల్యపు ప్రణాళిక కాగితాలు తానే చదవడం మొదలుపెట్టాక అసలు కథ మొదలవుతుంది. నవల మందం చూసి జంకకండి. రాజకీయాల భాగం నెమ్మదిగా సాగుతుంది, పిల్ల భాగాల్లో పేజీలు పరుగెత్తుతాయి.

కజువో ఇషిగురో 'నెవర్ లెట్ మీ గో' (2005) దీనికి తలకిందులు. అందులో క్లోన్లకి తమ అసలు ఎవరో తెలియదు. అవయవాల కోసం పెంచిన పిల్లలు వాళ్లు. ఇంత క్రూరమైన ఏర్పాటులోనూ కొందరికి మంచి బడి, బొమ్మలు గీసే తరగతులు దొరికాయి. జవాబు పత్రం లేకపోతే ఏం జరుగుతుంది? పిల్లలే దాన్ని వెతుక్కుంటారు. ఒక ఊళ్లో కార్యాలయంలో పనిచేసే స్త్రీని చూసి "ఈమేనేమో" అని వెంట పడతారు. కథ చెప్పే అమ్మాయి తనలో కలిగే బలమైన కోరికలు ఎక్కడివో తెలుసుకోవాలని అశ్లీల పత్రికల్లో తన ముఖం కోసం వెతుకుతుంది. మామూలు మనిషి తన వయసు లక్షణం అనుకునేదాన్ని క్లోన్ వారసత్వం అనుకుంటుంది. పుట్టుక మీద నమ్మకం కూడా పెంపకంలోంచే వచ్చిందని ఇంతకంటే మెత్తగా చెప్పడం కష్టం.

అసలు ప్రయోగంలా శుభ్రంగా కట్టింది మాత్రం క్యారిల్ చర్చిల్ నాటకం 'ఎ నంబర్' (2002). వేదిక మీద ఇద్దరే నటులు, ఒకరు తండ్రి, రెండోవారు కొడుకులందరూ. భార్య పోయాక తండ్రి కొడుకుని సరిగా చూడలేదు, నాలుగేళ్లకి వదిలించుకున్నాడు, తర్వాత వాడి క్లోన్‌ని తెప్పించుకుని ఈసారి బాగా పెంచాడు. అంటే జన్యువులు ఒకటే, తండ్రి ఒకడే, మారింది పెంపకం ఒక్కటే. పైగా అతనికి తెలియకుండా ఆసుపత్రి ఇంకొందరిని తయారుచేసింది. వాళ్లలో ఒకణ్ణి తండ్రి చివర్లో కలుస్తాడు. తండ్రి ఎవరో తెలియకుండా వేరేచోట పెరిగిన అతను లెక్కల మాస్టారు, పెళ్లాం పిల్లలతో హాయిగా ఉన్నాడు. నీ లోపల ప్రత్యేకంగా ఏముందో చెప్పమని తండ్రి ప్రాధేయపడతాడు. అతను చిన్నచిన్న ఇష్టాలు చెబుతాడు. అంతే, లోపల ఇంకేం దాచుకోలేదు. చిన్న నాటకం. గంటలో చదివేయొచ్చు.

ఉర్సులా లె గ్విన్ కథ 'నైన్ లైవ్స్' (1969) మరో కోణం: ఒకే మనిషి నుంచి పుట్టి, కలిసే పెరిగిన పదిమంది. అయిదుగురు మగ, అయిదుగురు ఆడ. ప్రమాదంలో తొమ్మిది మంది పోతారు, మిగిలిన ఒక్కడికి పరాయి మనిషితో మాట్లాడటమే చేతకాదు. ఇక్కడ క్లోన్లే ఒకరికొకరు పెంపకం.

మీరే రాయబోతుంటే, ముందు వయసుల పట్టీ వేసుకోండి. అసలు మనిషికి 45 ఏళ్లున్నప్పుడు క్లోన్ పుట్టాడనుకుంటే, వాడి పదిహేనో ఏట ఆయనకి అరవై. క్లోన్ తన ముసలితనాన్ని ఎదురుగా చూస్తున్నాడు, బట్టతల ఎప్పుడొస్తుందో తెలుసు, ఏ జబ్బు ఏ వయసులో వచ్చిందో తెలుసు. ఆయన తన పడుచుతనాన్ని రెండోసారి చూస్తున్నాడు. ఎడం ఇరవై ఏళ్లకి తగ్గితే పోటీ కథ అవుతుంది, అరవైకి పెరిగితే వారసత్వ కథ అవుతుంది. ఈ ఒక్క అంకె మీ కథ రకాన్ని నిర్ణయిస్తుంది, కాబట్టి గాలివాటంగా పెట్టకండి.

రెండోది, ఏది మార్చాలో ఒక్కటే ఎంచుకోండి. పేదరికమూ మార్చి, దేశమూ మార్చి, తల్లినీ మార్చి, చివర్లో తేడా వచ్చిందంటే దేనివల్లో ఎవరికి తెలుస్తుంది? తండ్రి ఒక్కడే మారాలి, లేదా డబ్బు ఒక్కటే మారాలి. మూడోది, నిజం ఎవరికి ఎప్పుడు తెలుస్తుందో ముందే రాసి పెట్టుకోండి. క్లోన్‌కి ఆరేళ్లప్పుడు తెలిస్తే అది వాడి పెంపకంలో భాగం. ముప్పై ఏళ్లప్పుడు తెలిస్తే వాడు తన గతాన్నంతా వెనక్కి చదువుకోవాలి. ఇవి రెండు వేరు పుస్తకాలు.

నాలుగోది, లక్షణాల్ని మూడు గంపల్లో వేసుకోండి. ఎత్తు, కళ్ల రంగు, కొన్ని జబ్బులు జన్యువుల గంపలో, ఎత్తుకి కూడా తిండి అందితేనే. స్వభావం, చురుకు, వ్యసనాల వైపు మొగ్గు మధ్య గంపలో, అక్కడ ఏదైనా జరగొచ్చు. భాష, యాస, మతం, మర్యాద, చేతిపని పూర్తిగా పెంపకం గంపలో. వయొలిన్ విద్వాంసుడి క్లోన్ చేతికి వయొలిన్ ఇవ్వగానే రాగం పలికిందంటే మీ కథ అక్కడితో చచ్చిపోయినట్టే. వాడికి వినికిడి పదును వచ్చి ఉండొచ్చు, వేళ్లు పొడుగ్గా ఉండొచ్చు. రోజుకి నాలుగు గంటల సాధన చేయమన్న అమ్మ వస్తుందన్న హామీ లేదు.

అపరాధ పరిశోధన రాసేవాళ్లకి పనికొచ్చే సంగతులు. మామూలు డీఎన్‌ఏ పరీక్ష అసలునీ క్లోన్‌నీ విడదీయలేదు. వేలిముద్రలు విడదీస్తాయి, కంటిపాప చుట్టూ ఉన్న నమూనా విడదీస్తుంది, పళ్లకి చేయించుకున్న వైద్యం, మచ్చలు విడదీస్తాయి. ఇంకో గట్టి ఆధారం మైటోకాండ్రియా. కణంలోని ఈ భాగాలకి సొంతంగా 37 జన్యువులున్నాయి, అవి కేంద్రకంతో రావు, అండంతో వస్తాయి. కాబట్టి క్లోన్ మైటోకాండ్రియా అసలు మనిషిది కాదు, అండం ఇచ్చిన ఆమెది. ఆమె అసలు మనిషి తల్లి వైపు చుట్టం అయితే తప్ప రెండూ కలవవు. ముప్పై ఏళ్ల కిందట అండం ఇచ్చి వెళ్లిపోయిన ఒకామెని పట్టుకునే దారి ఇది. ఇందాక చెప్పిన, ఎవరూ రాయని ఆ ఆడవాళ్లు కథలోకి రావడానికి తలుపు కూడా ఇదే.

ఇక తెలుగులో రాసేవాళ్లకి మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది, అదే వరం కూడా. వరస తెలియకుండా మనం మనిషిని పిలవలేం. క్లోన్ అసలు మనిషిని ఏమని పిలవాలి? జన్యువుల లెక్కన ఆయన అన్న, ఎందుకంటే ఆయన తల్లిదండ్రులే వీడి తల్లిదండ్రులు. పెంచిన లెక్కన నాన్న. ఆయన భార్య వీడికి అమ్మా, వదినా? ఆయన తల్లి నానమ్మా, అమ్మా? ఆయన కూతురు అక్క అవుతుందా, అన్న కూతురు అవుతుందా? ఇంగ్లీషులో రాసినవాళ్లు పేరు పెట్టి పిలిపించి దీన్ని దాటేశారు. మీరు దాటేయలేరు. మొదటి సంభాషణ రాయడానికి కూర్చోగానే ఆ ఇంట్లో ఎవరు ఏ పక్షమో తేల్చుకోవాల్సి వస్తుంది. వీణ్ణి కొడుకు అనుకునే మనిషి ఒక వరస వాడుతుంది, భర్త నకలు అనుకునే మనిషి ఏ వరసా వాడకుండా "ఇదిగో", "చూడు" అని నెట్టుకొస్తుంది.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. ప్రతిలో క్లోన్ అన్నచోటల్లా చిన్నప్పుడే విడిపోయిన కవల అని మార్చి చదవండి. కథ చెక్కుచెదరకుండా నిలబడితే మీకు క్లోన్ అక్కర్లేదు, ప్రయోగశాల అధ్యాయాలన్నీ తీసేయొచ్చు. ఎక్కడెక్కడ కూలుతుందో ఆ పేజీలకి గుర్తు పెట్టుకోండి. రెండో ప్రతిలో పెంచాల్సినవి అవే.